ఐదు రోజుల స్టెరాయిడ్ బిళ్లలు: మొదటి బిళ్ల నుంచి చివరి బిళ్ల దాకా లెక్క తప్పకుండా

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు చుట్టుపక్కల కల్లాల నిండా మిర్చి ఆరబోసి ఉంటుంది. ఆ ఘాటుకి మామూలు మనిషికే దగ్గు ఆగదు, ఇక ఆయాసం ఉన్నవాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు. మాది చిన్న మెడికల్ షాపు. ఆ రెండు మూడు నెలలూ ఇన్‌హేలర్లతో పాటు ప్రెడ్నిసోలోన్ బిళ్లల చీటీలు వరసగా వస్తుంటాయి. కొందరు చీటీ నా చేతికిస్తూనే గొంతు తగ్గించి అడుగుతారు: "ఇవి స్టెరాయిడ్లంట గదా, వేసుకోవచ్చా?" ఇంకొందరు ఏమీ అడగరు. రెండు రోజులు వేసుకుని ఊపిరి తిరగ్గానే ఆపేసి, మిగిలిన షీటు బీరువాలో దాచి, వచ్చే ఏడాది తమంతట తామే మింగుతారు.

నాకు ఈ రెండో రకం వాళ్ల గురించే ఎక్కువ బెంగ. అయితే ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ఇది లెక్క ప్రకారం వాడాల్సిన మందు. ఎన్ని బిళ్లలు, ఏ వేళకి, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి అన్న నాలుగు ప్రశ్నలకి జవాబు మొదటి బిళ్ల మింగకముందే తెలిసి ఉండాలి. అవి తెలిస్తే ఐదారు రోజుల కోర్సుకి భయపడాల్సిన పని చాలామందికి ఉండదు.

ఇక్కడ రాస్తున్నది డాక్టరు రాసిన చిన్న కోర్సుల గురించి మాత్రమే, అంటే మూడు రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు. ఆయాసం ఒక్కసారిగా పెరిగినప్పుడు, ఒళ్లంతా దద్దుర్లు లేచినప్పుడు, మూతి వంకర పోయినప్పుడు, పొలంలో వయ్యారిభామ తగిలి చర్మం ఉడికినట్టు అయినప్పుడు రాసేవి ఇలాంటివే. కీళ్లవాతానికో, లూపస్‌కో, కిడ్నీ జబ్బుకో నెలల తరబడి వాడుతున్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. వాళ్లు ఇది చదివి ఒక్క బిళ్ల కూడా మార్చొద్దు, ఆపొద్దు.

అసలు ఇదేం మందు

జిమ్ముల్లో కండల కోసం వాడే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. మన రెండు కిడ్నీల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి, వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. అవి రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారు చేస్తాయి. మన బిళ్ల దానికి దగ్గరి చుట్టం. ఒంట్లో రోజుకి తయారయ్యే కార్టిసాల్ సుమారు 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌కి సమానం. డాక్టరు 40 మి.గ్రా. రాశారంటే ఒళ్లు మామూలుగా తయారు చేసుకునేదానికి ఎనిమిది రెట్లు ఇస్తున్నారన్న మాట. ఊపిరి గొట్టాల వాపు, దద్దుర్లు, మంట అంత త్వరగా దిగడానికి కారణం అదే. షుగరు పెరగడానికి, నిద్ర పట్టకపోవడానికీ కారణం అదే.

చీటీనీ షీటునీ పక్కపక్కన పెట్టి చూడండి

బిళ్ల మింగే ముందు చేయాల్సిన పని ఇది. ఇంట్లో కూర్చుని కాదు, షాపు కౌంటర్ దగ్గరే చేయండి.

ఒకే రకం మందు రకరకాల పేర్లతో వస్తుంది. వైసోలోన్, ఓమ్నాకార్టిల్ అంటే ప్రెడ్నిసోలోన్. మెడ్రాల్ అంటే మిథైల్‌ప్రెడ్నిసోలోన్. డెక్సోనా అంటే డెక్సామెథసోన్. డెఫ్లజాకార్ట్, బీటామెథసోన్ కూడా ఈ కుటుంబమే. వీటి బలాలు సమానం కాదు. 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ చేసే పనిని 4 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసోలోన్ చేస్తుంది, 6 మి.గ్రా. డెఫ్లజాకార్ట్ చేస్తుంది, డెక్సామెథసోన్ అయితే 0.75 మి.గ్రా. చాలు. డెక్సా షీటు మీద 0.5 అని చూసి "ఇది చాలా తక్కువ పవరు" అనుకునేవాళ్లని రోజూ చూస్తుంటాను. అది పొరపాటు. 8 మి.గ్రా. డెక్సామెథసోన్ అంటే 50 మి.గ్రా. పైచిలుకు ప్రెడ్నిసోలోన్‌తో సమానం. కాబట్టి "అదే మందండీ, కంపెనీ వేరు" అని ఎవరైనా ఇస్తే, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, దాని పక్కన మి.గ్రా. అంకె, రెండూ చీటీతో సరిపోయాయో లేదో చూడండి.

ఒకసారి పక్క ఊరి రైతు ఒకాయన రెండు షీట్లు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టాడు. "నిద్ర లేదు బాబూ, గుండె దడదడలాడతంది" అన్నాడు. చీటీలో మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 4 అని ఉంది. వేరే షాపులో ఆయనకిచ్చింది 16. పేరు ఒకటే, డబ్బా రంగు కూడా దాదాపు ఒకటే. నాలుగు రోజులుగా రాసినదానికి నాలుగు రెట్లు వేసుకుంటున్నాడు. అక్కడి నుంచే డాక్టరుకి ఫోన్ చేయించాను, ఆయన మోతాదు సరిచేశారు. అప్పటి నుంచి ఎంత రద్దీ ఉన్నా ఈ బిళ్లలకి మాత్రం షీటు వెనక అంకె వేలితో చూపించి, వాళ్ల చేత చదివించాకే డబ్బులు తీసుకుంటున్నాను.

ఆ తర్వాత బిళ్లలు లెక్కపెట్టండి. ఉదాహరణకి రోజుకి 40 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు రాశారు, మీ చేతిలో 10 మి.గ్రా. బిళ్లలున్నాయి. రోజుకి 4, మొత్తం 20 కావాలి. తగ్గించుకుంటూ పోయే కోర్సయితే మూడు రోజులు 4 చొప్పున, మూడు రోజులు 3, మూడు రోజులు 2, మూడు రోజులు 1 అనుకుందాం. 12, 9, 6, 3 కలిపితే 30. మీకిచ్చిన బిళ్లలు ఈ మొత్తంతో కలవకపోతే చీటీ అర్థం చేసుకోవడంలో ఎక్కడో తేడా వచ్చినట్టే. డాక్టర్ల చేతిరాతలో అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఈ తగ్గించే వరసలోనే వస్తుంది. నేను చీటీ వెనకాల తేదీలు వేసి, ఒక్కో తేదీ పక్కన ఆ రోజు వేసుకోవాల్సిన బిళ్లలన్ని సున్నాలు చుడతాను. వేసుకున్నాక సున్నా మీద అడ్డగీత కొట్టుకుంటారు. చదువు రాని వాళ్లకి కూడా ఇది అర్థమవుతుంది. మీరు ఇంట్లో క్యాలెండర్ మీద ఇదే చేసుకోవచ్చు.

పిల్లలకి సిరప్ రాస్తే ఇంకా జాగ్రత్త. 5 మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న సీసా ఉంటుంది, అదే 5 మి.లీ.కి 15 మి.గ్రా. ఉన్నది కూడా ఉంటుంది. ఒకటి బదులు ఇంకోటి వస్తే మోతాదు మూడింతలు అవుతుంది. వంటింటి చెంచాతో పోయొద్దు, సీసాతో వచ్చిన కొలత మూతో, సూది లేని సిరంజో వాడండి. పిల్లాడి బరువు ఈమధ్య చూసిందే చెప్పండి, మోతాదు బరువుని బట్టే వేస్తారు.

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి

రద్దీ ఓపీలో అన్నీ అడగడం కుదరదు. కాబట్టి కుర్చీలోంచి లేచే ముందు ఇవి మీరే చెప్పండి. షుగరు, బీపీ, కంట్లో ప్రెషరు అంటే గ్లకోమా, కడుపులో పుండు లేదా ఎప్పుడైనా రక్తం పడి ఉండటం, గతంలో టీబీ లేదా ఇంట్లో ఎవరికైనా టీబీ, ఇప్పుడున్న జ్వరం లేదా ఇన్‌ఫెక్షన్, గుండె జబ్బు, ఎముకలు గుల్లబారడం. గతంలో మానసిక సమస్యకి మందులు వాడి ఉంటే మొహమాటపడకుండా అదీ చెప్పాలి. స్టెరాయిడ్లు మనసు మీద పనిచేస్తాయి. గర్భంతో ఉన్నా, బిడ్డకి పాలిస్తున్నా చెప్పండి. అలాగని గర్భిణికి ఆయాసం ముదిరినప్పుడు భయపడి మందు మానేస్తే తల్లికీ బిడ్డకీ అదే ఎక్కువ ముప్పు.

వాడుతున్న మందులన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా తేలిక. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ లాంటివి ఈ బిళ్ల పనిని తగ్గించేస్తాయి. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్, యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ లాంటివి ఒంట్లో మందుని ఎక్కువసేపు ఉంచి బలం పెంచుతాయి. తామర కోసం ఇట్రాకొనజోల్ నెలల కొద్దీ వాడేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, కానీ అది చర్మం మందు కదా అని చెప్పరు. రక్తం పలచబడే వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లకి మధ్యలో ఐఎన్ఆర్ పరీక్ష, అంటే రక్తం ఎంత వేగంగా గడ్డకడుతోందో చూసే పరీక్ష, అవసరం పడొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కలిస్తే మడమ వెనక నరంలాంటి కండరబంధం తెగే ప్రమాదం పెరుగుతుంది, ముఖ్యంగా పెద్ద వయసు వాళ్లలో.

పొద్దున్నే, తిన్నాక

రోజుకి ఒకసారే వేసుకోమని రాస్తే ఆ మొత్తాన్నీ పొద్దున టిఫిన్ అయ్యాక ఒకేసారి వేసుకోవాలి. ఎనిమిది, తొమ్మిది గంటల లోపు అయితే బాగుంటుంది. దీనికి కారణముంది. మన సొంత కార్టిసాల్ కూడా తెల్లవారుజామున పెరిగి పొద్దున ఎక్కువగా ఉండి, రాత్రికి అడుగంటుతుంది. మనం మందుని కూడా ఆ వరసలోనే ఇస్తే అడ్రినల్ గ్రంథులకి తక్కువ ఇబ్బంది, రాత్రికి నిద్రా పడుతుంది. అదే నాలుగు బిళ్లలు రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే ఒంటిగంట దాకా ఫ్యాను వైపు చూస్తూ పడుకోవాలి. డాక్టరు రెండుపూటలా రాస్తే రెండోది మధ్యాహ్నం వేసుకోవచ్చేమో అడగండి.

పరగడుపున వద్దు. ఇడ్లీనో, ఉప్మానో, పెరుగన్నమో ఏదైనా సరే, కడుపులో ఏదో ఒకటి పడాలి. ఏకాదశి ఉపవాసమో, కార్తీక సోమవారమో ఉంటే ఆ వారానికి వదిలేయండి. దేవుడు ఏమీ అనుకోడు. రంజాన్ ఉపవాసంలో ఉన్నవాళ్లు సహరీతో వేసుకోవచ్చా, జబ్బు తీవ్రతని బట్టి ఉపవాసం మానాలా అన్నది ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. షుగరు కూడా ఉంటే ఈ సంభాషణ తప్పనిసరి.

షీటు మీద డిటి అని ఉంటే ఆ బిళ్ల నీళ్లలో కరుగుతుంది. చేదుగా ఉంటుంది కాబట్టి పిల్లలకి వెంటనే కాస్త బెల్లం ముక్కో, తేనెనో నాకించండి. ఏడాది నిండని పిల్లలకి మాత్రం తేనె పెట్టకూడదు.

ఇంకొక మాట. ఆయాసానికి ఈ బిళ్ల వేసుకున్న పది నిమిషాలకే ఊపిరి తిరగదు. పని మొదలవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటల్ని దాటించేది ఇన్‌హేలరే. బిళ్లలు మొదలుపెట్టాం కదా అని ఇన్‌హేలర్ పక్కన పడేయడం పెద్ద తప్పు. పీల్చే మందులు రాసినట్టే కొనసాగించాలి.

షుగరు ఉంటే సాయంత్రం చూసుకోండి

ఇది నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అమ్మకి షుగరూ ఉంది, ఆయాసమూ ఉంది. రెండేళ్ల కింద ఆమెకి ఐదు రోజుల కోర్సు రాశారు. నేను రోజూ పొద్దున్నే వేలికి సూది గుచ్చి చూసేవాణ్ణి. పరగడుపున 118, మర్నాడు 124. "స్టెరాయిడ్ వేసినా షుగరు కంట్రోల్లోనే ఉందమ్మా" అని ధైర్యం చెప్పాను. మూడోరోజు సాయంత్రం ఆమె చెంబు తర్వాత చెంబు నీళ్లు తాగుతోంది. గంటలో మూడుసార్లు బాత్రూముకి వెళ్లింది. ఐదున్నరకి మళ్లీ గుచ్చి చూస్తే మీటరు మీద 338. స్ట్రిప్ పాడైందేమో అని ఇంకోటి తీసి చూశాను. 341.

ఫార్మసీ చదివిన నాకు ఆ సంగతి తట్టకపోవడం ఇప్పటికీ బాధగా ఉంటుంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసోలోన్ షుగరుని మధ్యాహ్నం నుంచి ఎక్కించడం మొదలుపెట్టి, సాయంత్రానికి శిఖరం మీద కూర్చోబెడుతుంది. రాత్రి మందు ప్రభావం దిగుతుంది కాబట్టి తెల్లారేసరికి మళ్లీ మామూలుగా కనబడుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చూస్తే మోసపోతాం. కాబట్టి కోర్సు నడిచినన్నాళ్లూ మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం ఐదారింటికి, రాత్రి భోజనానికి ముందు చూడండి. రోజుకి ఒక్క స్ట్రిప్పే వాడగలిగితే అది సాయంత్రానికి ఉంచండి.

వరుసగా రెండుసార్లు 250 దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలి. షుగరు బిళ్ల మోతాదు మార్చడమో, కొన్నాళ్లు ఇన్సులిన్ ఇవ్వడమో వాళ్లు నిర్ణయిస్తారు. మీరే ఒక బిళ్ల అదనంగా వేసుకోవద్దు. 300 దాటి, వాంతులో, మగతో, విపరీతమైన దాహమో ఉంటే ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు పెరిగిందని భయపడి స్టెరాయిడ్‌ని మధ్యలో ఆపేయడం కూడా సరి కాదు, ఆయాసం తిరగబడుతుంది.

కోర్సు అయ్యాక రెండో వైపు ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. స్టెరాయిడ్ ఆగిన ఒకటి రెండు రోజుల్లో షుగరు కిందికి దిగుతుంది. కోర్సులో పెంచిన షుగరు మందుని అలాగే కొనసాగిస్తే చెమటలు పట్టి, కళ్లు తిరిగి పడిపోతారు. మందు పెంచిన రోజే "మళ్లీ ఎప్పుడు తగ్గించాలి డాక్టరు గారూ?" అని అడిగి రాయించుకోండి.

షుగరు లేనివాళ్లు రోజూ గుచ్చుకోవాల్సిన పని లేదు. ఇంట్లో అమ్మానాన్నలకి షుగరుండి, మీకు బరువు ఎక్కువగా ఉంటే మాత్రం, దాహం, మాటిమాటికీ మూత్రం కనబడగానే ఒకసారి చూపించుకోండి.

ఆ వారం ఏవి పక్కన పెట్టాలి

అన్నిటికన్నా ముందు నొప్పుల బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులకి పారాసెటమాల్ చాలు. అయితే పారాసెటమాల్ అని పేరు కనబడే కొన్ని బిళ్లల్లో అసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది, షీటు వెనక చదవండి. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, వాడుతున్నానని చెప్పండి. గ్యాస్ బిళ్ల అందరికీ అవసరం లేదు. పుండు చరిత్ర ఉన్నవాళ్లకి, పెద్ద వయసు వాళ్లకి, ఆస్పిరిన్ వాడేవాళ్లకి డాక్టరు ఒకటి రాస్తారు. మద్యం ఆ వారం ముట్టుకోవద్దు.

ఈ మందు ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలవబెడుతుంది. బీపీ ఉన్నవాళ్లు, కాళ్ల వాపులున్నవాళ్లు ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, షాపులో కొన్న చిప్స్ ఆ కొద్ది రోజులు తగ్గించాలి. బీపీ మిషను ఇంట్లో ఉంటే రెండు రోజులకోసారి చూసుకోండి.

ఇన్‌ఫెక్షన్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పేస్తుంది. లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతున్నా పైకి ఒళ్లు చల్లగానే ఉండొచ్చు. చిన్నప్పుడు ఆటలమ్మ రానివాళ్లు, దాని టీకా వేయించుకోనివాళ్లు, ఇరుగుపొరుగులో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే ఆ ఇంటికి వెళ్లొద్దు. ఇప్పటికే కలిసి ఉంటే ఒంటి మీద పొక్కులు కనబడేదాకా ఆగకుండా డాక్టరుకి చెప్పండి. తట్టు విషయంలోనూ అంతే. పిల్లలకి టీకా తేదీ దగ్గర్లో ఉంటే ఈ కోర్సు సంగతి టీకా వేసేవాళ్లకి ముందే చెప్పాలి.

2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అమెరికాలో 18 నుంచి 64 ఏళ్ల వయసున్న 15 లక్షల మంది వివరాలు చూశారు. అందులో ఐదుగురిలో ఒకరికి మూడేళ్లలో కనీసం ఒక చిన్న కోర్సు రాశారు. మందు మొదలుపెట్టిన తొలి 30 రోజుల్లో రక్తంలో ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరడం ఐదు రెట్లు, రక్తనాళాల్లో గడ్డలు మూడు రెట్లు, ఎముకలు విరగడం దాదాపు రెండు రెట్లు కనబడ్డాయి. ఇవి వినగానే టెన్షన్ పడొద్దు. ఇన్‌ఫెక్షన్‌తో చేరినవాళ్లు వెయ్యికి ఒకరు కూడా లేరు. కానీ "ఐదు రోజులే కదా, ఏమవుతుందిలే" అనడానికి వీల్లేదని ఆ లెక్కలు చెబుతున్నాయి. అవసరమున్న చోట ఈ మందు వేసుకోవాల్సిందే, జలుబుకీ ఒళ్లునొప్పికీ మాత్రం కాదు.

నిద్ర, ఆకలి, కోపం

రెండో రోజు నుంచి ఆకలి పెరుగుతుంది. మొహం కాస్త ఎర్రబడి వేడిగా అనిపించొచ్చు. చిన్న విషయానికే కోపం వస్తుంది, లేదా విపరీతమైన హుషారు వచ్చి అర్ధరాత్రి అల్మారా సర్దాలనిపిస్తుంది. ఇవి మందు లక్షణాలే, కోర్సుతో పాటు పోతాయి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి: "ఈ వారం నేను విసుక్కుంటే పట్టించుకోకండి" అని. పిల్లలు మొండికేస్తారు, ఏడుస్తారు. వాళ్లని కొట్టొద్దు.

కానీ ఒక గీత ఉంది. లేనివి కనబడటం, వినబడటం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనడం, చచ్చిపోవాలనిపించడం, రెండు మూడు రాత్రులు అసలు రెప్ప వేయకపోవడం, వీటిలో ఏది కనబడినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇది అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనుకుని రోజులు గడిపేస్తారు.

మర్చిపోతే, వాంతి అయితే

పొద్దున మర్చిపోయి అదే రోజు గుర్తొస్తే ఏదైనా తిని వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజు మోతాదు మాత్రమే వేసుకోవాలి, రెండు రోజులవి కలిపి మింగకూడదు. వేసుకున్న అరగంటలోపే వాంతి అయితే సాధారణంగా మళ్లీ వేసుకోమంటారు. ఆ తర్వాత అయితే, లేదా వాంతులు ఆగకపోతే డాక్టరుకి ఫోన్ చేయండి.

ఎప్పుడు ఒక్కసారిగా ఆపొచ్చు, ఎప్పుడు మెల్లగా దిగాలి

"స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది" అన్న మాట అందరికీ తెలుసు. దానివల్ల ఐదు రోజుల కోర్సు వాడినవాళ్లు కూడా భయపడి, మిగిలిన బిళ్లల్ని అరలూ పావులూ చేసుకుని ఇంకో వారం లాగుతారు. అది అక్కర్లేదు.

బయటి నుంచి ఎనిమిది రెట్లు కార్టిసాల్ లాంటి మందు వస్తుంటే మెదడు అడ్రినల్ గ్రంథులకి "ఇక మీరు పని ఆపండి" అని కబురు పంపుతుంది. ఐదారు రోజులకే ఆ గ్రంథులు బద్ధకించిపోవు, మందు ఆగగానే మళ్లీ పనిలోకి దిగుతాయి. అందుకే ఆయాసానికి పెద్దవాళ్లకి రాసే ఐదు నుంచి ఏడు రోజుల 40 మి.గ్రా. కోర్సుని చాలామందిలో చివరి రోజుతో అలాగే ఆపేస్తారు. వారాలు గడిచేకొద్దీ మాత్రం గ్రంథులు నిద్రలోకి జారతాయి. అప్పుడు హఠాత్తుగా మందు తీసేస్తే ఒంట్లో కార్టిసాల్ లేక మనిషి కుప్పకూలిపోవచ్చు.

మెల్లగా తగ్గించాలా అని డాక్టరు ఆలోచించే సందర్భాలివి: మూడు వారాలు దాటి వాడినప్పుడు, రోజుకి 40 మి.గ్రా. కంటే ఎక్కువ ఒక వారం దాటి వాడినప్పుడు, రాత్రిపూట మోతాదులు వరసగా వేసుకున్నప్పుడు, ఈమధ్యే ఒకదాని తర్వాత ఒకటి కోర్సులు వాడినప్పుడు, గత ఏడాదిలో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడి ఆపినవాళ్లకి. చివరి రెండూ మీరు చెబితేనే డాక్టరుకి తెలుస్తాయి. ఆర్ఎంపీ దగ్గర మోకాళ్ల నొప్పులకి వేయించుకున్న ఇంజెక్షన్లు, పేరు లేని పొట్లాల్లో ఇచ్చిన బిళ్లలు, "మూలికల పొడి" అని కొన్నవి కూడా చెప్పండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం గట్టిగా ఉంది.

కొన్నిసార్లు తగ్గించడం గ్రంథుల కోసం కాదు, జబ్బు తిరగబడకుండా. వయ్యారిభామ వల్ల వచ్చిన చర్మం మంట ఐదో రోజున ఆపితే మళ్లీ లేస్తుంది, అందుకే దానికి రెండు మూడు వారాలు దించుకుంటూ వస్తారు. మూతి వంకరకైతే మొదటి 72 గంటల్లో మొదలుపెట్టడమే ముఖ్యం. పసరు వైద్యాల చుట్టూ తిరిగి వారం తర్వాత వచ్చేవాళ్లకి ఈ మందు చేసే మేలు తగ్గిపోతుంది.

బాగుందనిపించిన రోజున ఆపేయడం కూడా తప్పే. మూడో రోజుకి ఊపిరి తేలికవుతుంది, కానీ గొట్టాల్లో వాపు ఇంకా పూర్తిగా దిగదు. రాసినన్ని రోజులూ వాడాలి, ఒక్క రోజు కూడా ఎక్కువ కాకూడదు.

ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు

తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి. బిళ్లలు వేసుకుంటున్నా ఆయాసం పెరగడం, వాక్యం పూర్తి చేయలేకపోవడం. ఛాతీలో నొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం. చూపు హఠాత్తుగా మసకబారడం, కంట్లో నొప్పి. మొహం ఒకవైపు వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం, ముఖ్యంగా షుగరు వాళ్లలో. కోర్సు ఆపాక విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, ఆగని వాంతులు. వీటిలో దేనికీ తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ షీటు చేతిలో పట్టుకెళ్లి, ఏ రోజున మొదలుపెట్టారో చెప్పండి.

మిగిలిన బిళ్లలు

మిగలకూడదు. అందుకే మొదట్లో లెక్కపెట్టమన్నాను. డాక్టరు మధ్యలో కోర్సు మార్చడం వల్ల మిగిలితే షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే బిళ్లల్ని షీట్లోంచి తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి కవర్లో కట్టి చెత్తలో వేయండి.

దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి 2021 కారణం. అంతకు ముందు ఏడాది జూన్‌లో బ్రిటన్ వాళ్ల రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. రోజుకి 6 మి.గ్రా. డెక్సామెథసోన్ పది రోజుల వరకు ఇస్తే, ఆక్సిజన్ మీదో వెంటిలేటర్ మీదో ఉన్న కరోనా రోగుల్లో మరణాలు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మేలు కనబడలేదు. రెండో సగం మన వాట్సాప్ చీటీల్లోకి రాలేదు. సెకండ్ వేవ్‌లో కొద్దిపాటి దగ్గు, జ్వరంతో ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే ఈ బిళ్లలు మింగారు. ఆ మే నెలలో బ్లాక్ ఫంగస్ కేసులు ఎంతగా పెరిగాయంటే, తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. అదుపులో లేని షుగరు, దానికి తోడు స్టెరాయిడ్, ఈ రెండూ ఉన్నవాళ్లే అందులో ఎక్కువ. నా కౌంటర్ ముందు నిలబడి "ఆ డెక్సా షీటు ఒకటివ్వు అన్నా" అని అడిగినవాళ్ల మొహాలు నాకింకా గుర్తున్నాయి. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. సన్నగా ఉన్న అమ్మాయి పెళ్లిచూపుల లోపు ఒళ్లు చేయాలని డెక్సా, ఆకలి పెంచే సిప్రోహెప్టడిన్ కలిపి అడిగే తల్లులు ఇప్పటికీ వస్తున్నారు. ఆ మొహంలో వచ్చేది కండ కాదమ్మా, నీరూ కొవ్వూ అని చెప్పి వెనక్కి పంపుతాను.

కోర్సు అయిపోయిన రోజున ఒక పని చేయండి. ఇంట్లో వాడే ఏ నోటు పుస్తకంలోనైనా తేదీ, మందు పేరు, రోజుకెంత, ఎన్ని రోజులు అని ఒక లైను రాసుకోండి. 40 మి.గ్రా. చొప్పున ఐదు రోజులంటే 200 మి.గ్రా. అలాంటి కోర్సులు ఐదైతే మొత్తం 1000. ఆస్తమా రోగుల మీద చేసిన అధ్యయనాల్లో, జీవితకాలపు మొత్తం 500 నుంచి 1000 మి.గ్రా. మధ్యకి చేరేసరికే షుగరు, ఎముకల బలహీనత లాంటి ఇబ్బందులు పెరగడం కనబడింది. ఏడాదిలో రెండోసారి ఈ బిళ్లలు అవసరమయ్యాయంటే ఆయాసం అదుపులో లేదని అర్థం. అప్పుడు ఆ పుస్తకం, ఇన్‌హేలర్ రెండూ పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా అమ్మ పుస్తకంలో ఒకే ఏడాది మూడు లైన్లు చూసి డాక్టరు గారు, "ఇన్‌హేలర్ ఎలా పీలుస్తారో ఒకసారి నా ముందు చేసి చూపించమ్మా" అన్నారు. ఆమె నొక్కింది ఒకప్పుడు, పీల్చింది ఇంకొకప్పుడు. మందంతా నాలుక మీదే పడుతోంది. ఆయన ఇన్‌హేలర్‌కి తగిలించుకుని పీల్చే స్పేసర్ గొట్టం ఒకటి రాసిచ్చి, దాంతో ఎలా పీల్చాలో అక్కడే నాలుగుసార్లు చేయించారు.